ఒకే శాఖ, రెండు కొలువులు: ఏది ముందు?

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున తపాలా శాఖ విశ్రాంత ఇన్‌స్పెక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠము)



ఈ శిబిరమున మీరు ఇంటి పన్నులను గూర్చి, మంచినీటి పథకములను గూర్చి, పంచాయతీ పద్దులను గూర్చి పెద్దలు చెప్పిన మాటలు వింటిరి. మేము చెప్పబోవు విషయము వాటి ముందు చిన్నదిగా కన్పట్టవచ్చును. కాని మీ గ్రామమున పదవ తరగతి ప్యాసైన పిల్లలున్న ప్రతి ఇంటికిని ఇది ఎప్పుడో ఒకప్పుడు ఎదురగు సమస్య. తపాలా శాఖవారు గ్రామీణ డాక్ సేవకుల నియామకమునకు ప్రకటన వెలువరించినపుడెల్ల ఆ పిల్లలు మీ యొద్దకు వచ్చి, "అయ్యా, రెండు కొలువులు కనబడుచున్నవి, దేనిని ముందు పెట్టుకొనమందురు?" అని అడుగుదురు. ఆ ప్రశ్నకు మీరు ఏమి బదులు చెప్పవలెనో ఆలోచించుటకే మేము నేడు మీ ముందు నిలిచితిమి.

ఆ రెండు కొలువులలో ఒకటి బ్రాంచి పోస్టుమాస్టరు. దానిని మనవారు బి.పి.ఎం. అందురు. రెండవది అసిస్టెంటు బ్రాంచి పోస్టుమాస్టరు, అనగా ఏ.బి.పి.ఎం. ఉప తపాలా కార్యాలయములందును, ప్రధాన కార్యాలయములందును పనిచేయు డాక్ సేవక్ అను కొలువు కూడ ఈ రెండవ తరగతిలోనిదే. యజమాని ఒక్కడే, శాఖ ఒక్కటే, దరఖాస్తు ఒక్కటే. పేరులో మాత్రము ఒకటి పెద్దదిగను, ఒకటి చిన్నదిగను తోచును. పేరును చూచి వరుస వ్రాసినవారు కొందరు తరువాత కష్టపడుట మేము కన్నులార చూచితిమి.

ఈ కొలువుల పూర్వరంగము

మన దేశమున లక్షా 64 వేలకు మించిన తపాలా కార్యాలయములు కలవు. అందు పదింట తొమ్మిది వంతులు పల్లెలలోనివే. ఇన్ని పల్లెలలో దినమంతయు పనిచేయు ఉద్యోగిని నియమించుట శాఖకు శక్యము గాదు, దినమంతటికి చాలినంత పనియు ఉండదు. కనుక బ్రిటిషువారి కాలమునుండియు బడిపంతులు, అంగడివాడు మున్నగు స్వంత జీవనాధారము గలవారికి కొద్ది గంటల పని నప్పగించి, దానికి తగిన భత్యము నిచ్చు పద్ధతి ఏర్పడినది. వారినే ఎక్స్‌ట్రా డిపార్టుమెంటల్ ఏజెంటులని పిలిచెడివారు. మీలో పెద్దవారికి "ఈ.డి." అను మాట జ్ఞాపకముండును. 2001లో వచ్చిన నియమావళితో వారికి గ్రామీణ డాక్ సేవక్ అను పేరు స్థిరపడినది.

మునుపు ఉత్తరములు పంచువాడు, సంచి మోయువాడు, ప్యాకరు, స్టాంపులు అమ్మువాడు అని పలు తెగలుండెడివి. కమలేశ్ చంద్ర కమిటీ సిఫారసులననుసరించి 2018 జూలై 1 నుండి ఆ తెగలన్నియు పోయి, పైన చెప్పిన రెండు తరగతులే మిగిలినవి.

ఇక్కడ ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. గ్రామీణ డాక్ సేవక్ కొలువు కేంద్ర ప్రభుత్వ శాఖలోనిదే యైనను, అది క్రమబద్ధమైన పూర్తికాలపు ఉద్యోగము కాదు. వీరు సివిల్ పోస్టును నిర్వహించువారే యని సుప్రీం కోర్టు 1977లో తీర్పు చెప్పినది. కాని ఆ పోస్టు రెగ్యులర్ సర్వీసుకు వెలుపలిది. రెగ్యులర్ ఉద్యోగులకు వచ్చు పింఛను వీరికి లేదు. పని దినమునకు నాలుగు గంటలు మొదలు ఐదు గంటల వరకు ఉండును. వయస్సు 65 వచ్చువరకు చేయవచ్చును. జీవనమునకు చాలిన మరియొక ఆధారము గలవారై యుండవలెనని ప్రకటనయే చెప్పుచున్నది. ఈ సంగతి తెలియక, "సెంట్రలు గవర్నమెంటు ఉద్యోగము వచ్చినది" అని పొలము కౌలుకిచ్చి, గేదెలనమ్మి వేరొక ఊరికి తరలిపోయిన కుటుంబమును మేమెరుగుదుము. ఆ విషయము తరువాత చెప్పెదము.

రెండు కొలువుల పనులు

బ్రాంచి పోస్టుమాస్టరు ఆ కార్యాలయమునకు బాధ్యుడు. కౌంటరు తెరచియుంచుట, సేవింగ్సు ఖాతాలలో సొమ్ము కట్టించుకొనుట, చెల్లించుట, పాసుపుస్తకములో వ్రాయుట, సుకన్య సమృద్ధి ఖాతాలు, గ్రామీణ తపాలా జీవిత బీమా, 2018 సెప్టెంబరు 1న ప్రారంభమైన ఇండియా పోస్టు పేమెంట్స్ బ్యాంకు పనులు, లెక్కల పుస్తకములు, శాఖ ఇచ్చిన పరికరము, నగదు, స్టాంపులు అన్నియు అతని పూచీ. సహాయకుడు లేని కార్యాలయమున సంచి తెచ్చుట, ఉత్తరములు పంచుట కూడ అతని నెత్తిమీదనే పడును. మాస్టరు అనగా కుర్చీలో కూర్చుండువాడని తలచువారు ఈ మాటను మరువరాదు.

అసిస్టెంటు బ్రాంచి పోస్టుమాస్టరు ముఖ్యముగా తిరుగు మనిషి. ఉత్తరములను, పార్సెళ్లను తెచ్చి ఇంటింటికి అందించుట, స్టాంపులు అమ్ముట, పేమెంట్స్ బ్యాంకు లావాదేవీలను ఇంటి గుమ్మముననే జరుపుట, అవసరమైనపుడు కౌంటరు పనిలో పోస్టుమాస్టరునకు తోడుపడుట అతని విధులు. 2025లో రిజిస్టర్డు పోస్టును స్పీడు పోస్టులో కలిపినందున, త్వరగా చేర్చవలసిన జాబుల బాధ్యత ఇతని భుజములపై మరింత నిలిచినది. ఎండయనక వానయనక తిరుగగలిగిన కాళ్లును, సైకిలో మోటారు సైకిలో నడుపగలిగిన నేర్పును ఉండవలెను. ఆడపిల్లలు ఈ పని చేయలేరను మాట అబద్ధము. మా తనిఖీలలో ఉత్తరములను తప్పక అదేదినము పంచినవారిలో స్త్రీలు పెక్కుమంది.

భత్యముల లెక్క

2018 పట్టిక ప్రకారము నాలుగు గంటల స్థాయిలో బ్రాంచి పోస్టుమాస్టరునకు నెలకు 12,000 రూపాయలతో మొదలై 29,380 వరకు పోవును. అసిస్టెంటునకు 10,000తో మొదలై 24,470 వరకు పోవును. ఐదు గంటల స్థాయిలో పోస్టుమాస్టరునకు 14,500, అసిస్టెంటునకు 12,000 ఆరంభ భత్యము. సంవత్సరమునకు నూటికి 3 చొప్పున పెరుగుదల, దానిపై కరవు భత్యము ఉండును. ఈ అంకెలు సవరింపబడుచుండును గనుక, దరఖాస్తు చేయునాటి ప్రకటనలో ఉన్నదానినే ప్రమాణముగా గొనవలెను.

నాలుగు గంటల స్థాయిలో రెండింటికి వ్యత్యాసము 2,000 రూపాయలు, దానిపై కరవు భత్యము. చూపునకు ఇది పెద్ద మొత్తమే. కాని సభ్యులారా, రాబడిని మాత్రమే చూచి వ్యయమును చూడనివాడు లెక్క తెలిసినవాడు కాడు.

బ్రాంచి పోస్టుమాస్టరు ఎన్నికైన తరువాత ఆ కార్యాలయమున్న గ్రామముననే నివసింపవలెను. కార్యాలయమునకు తగిన వసతిని కూడ తానే చూపవలెను. శాఖ కొంత భత్యము నిచ్చును గాని, అది అన్నిచోట్ల అద్దెకు సరిపోవునని తలపరాదు. అసిస్టెంటు ఆ కార్యాలయపు పంపిణీ పరిధిలో ఎక్కడనైనను నివసింపవచ్చును, కార్యాలయమునకు గది చూపవలసిన పనిలేదు. స్వగ్రామమున వీధివైపు గది గలవానికి పోస్టుమాస్టరు కొలువులో 2,000 రూపాయలు మిగులును. పరగ్రామమునకు పోయి నివాసమునకొక గది, కార్యాలయమునకొక గది అద్దెకు తీసికొనువానికి ఆ 2,000 మిగులునా, చేతి సొమ్ము కూడ పోవునా యని కాగితముపై వ్రాసి చూచుకొనవలెను. నాలుగైదు గంటల పని పోగా మిగిలిన పొద్దులో స్వగ్రామమున పొలము, పాడి, కుట్టు పని ఏదో ఒకటి సాగును. పరగ్రామమున అది సాగదు. ఆ నష్టమును గూడ వ్యయములోనే వ్రాయవలెను.

రెండు కుటుంబముల కథ

మేము పేరులు చెప్పము. ఊళ్లును చెప్పము. జరిగినది మాత్రము చెప్పెదము.

ఒక చిన్న రైతు కుమార్తె పదవ తరగతిలో చక్కని మార్కులు తెచ్చుకొన్నది. ఆమె ఎన్నుకొన్న డివిజనులో పొరుగూరి కార్యాలయమున అసిస్టెంటు కొలువును, 60 కిలోమీటర్ల దూరమున మరియొక గ్రామమున పోస్టుమాస్టరు కొలువును ఖాళీగా ఉన్నవి. "మాస్టరు పని ఉండగా అసిస్టెంటు పని యెందుకు?" అని చుట్టములు, ఊరి పెద్దలు ఒక్క గొంతుతో పలికిరి. ఆమె దూరపు గ్రామమును మొదట వ్రాసినది. కొలువు వచ్చినది. పెండ్లి కాని పిల్లను ఒంటరిగా ఉంచలేక తల్లి తోడుపోయినది. ఇంట గేదెలను చూచువారు లేక తండ్రి వాటిని అమ్మివేసెను. పొలము కౌలుకు పోయినది. రెండు గదుల అద్దె, రెండు పొయ్యిల ఖర్చు. పదునాలుగు నెలలు గడచుసరికి ఆ పిల్ల రాజీనామా పత్రము మా చేతికిచ్చినది. "నాకు పని కష్టము కాలేదండీ, ఇల్లు రెండుగా చీలుట కష్టమైనది" అని ఆమె చెప్పిన మాట మాకింకను చెవులలో ఉన్నది. ఆనాటికి పొరుగూరి అసిస్టెంటు కొలువులో వేరొకరు చేరియుండిరి.

మరియొక గ్రామమున ఒక కోడలు. భర్త కుట్టు మిషను పెట్టుకొన్నవాడు. వారి ఇల్లు రామాలయమునకు ఎదురుగా, ఊరి నడుమ ఉన్నది. ముందు గది ఖాళీ. ఆమె అత్తవారి ఊరి పోస్టుమాస్టరు కొలువును మొదట వ్రాసి, దానిని పొందినది. ఉదయము కౌంటరు, మధ్యాహ్నము భర్తకు బొత్తాములు కుట్టుట. కార్యాలయమునకు వచ్చు జనము రవికలు కూడ అక్కడనే ఇచ్చిపోవుచుండిరి. ఆమెకు ఆ కొలువు అన్ని విధముల సరిపోయినది.

ఒకే కొలువు ఒక ఇంటిని రెండు చేసినది, ఒక ఇంటిని నిలబెట్టినది. కనుక ఏది మంచిదని అడిగినవారికి, కొలువు పేరు వినుటకు ముందు ఇంటి సంగతి అడుగుడు.

నగదు గల కొలువు

ఇక మూడవ సంగతి. ఇది చెప్పుటకు మాకు సంతోషము లేదు, అయినను చెప్పక తప్పదు.

బ్రాంచి కార్యాలయమున నగదు ఉండును. ఉపాధి హామీ కూలి, పింఛను, సేవింగ్సు సొమ్ము చెల్లించు దినములలో మరింత ఉండును. తెలంగాణ గ్రామములలో ఎందరో వృద్ధులకు, వితంతువులకు సామాజిక పింఛను తపాలా కార్యాలయము చేతిమీదుగనే అందుచు వచ్చినది. ఆ సొమ్ము పోస్టుమాస్టరుది కాదు. గంట సేపటికైనను కాదు.

మేము పనిచేయు కాలమున ఒక గ్రామపు పోస్టుమాస్టరు మంచి యువకుడు. లెక్కలు శుభ్రము, మాట మెత్తన. ఒకనాటి ఉదయము ఊరిలో పలుకుబడి గల ఒక వార్డు సభ్యుడు వచ్చి, "ఆసుపత్రిలో మావాడికి ఆపరేషను, సాయంత్రము తెచ్చియిచ్చెదను, ఎనిమిది వేలు సర్దవయ్యా" అని అడిగెను. కాదనుటకు ఆ పిల్లవానికి నోరు రాలేదు. మధ్యాహ్నము మేము తనిఖీకి పోతిమి. సంచిలోని నోట్లను మేమే లెక్కించితిమి. ఎనిమిది వేలు తక్కువ. ఆ యువకుడు దాచలేదు, జరిగినది చెప్పెను. రాత్రికి ఆ సొమ్ము తిరిగి వచ్చెను గూడ. కాని నియమము ప్రకారము సర్కారు సొమ్మును వాడుకొనుట ఒక గంటకైనను నేరమే. మేము నివేదిక వ్రాసితిమి. అతనిని విధులనుండి నిలిపిరి, విచారణ జరిగినది, చివరకు తొలగించిరి. మేము వ్రాసినది న్యాయమే. ఆ రాత్రి మాకు నిద్ర పట్టని మాటయు నిజమే.

ఆ సభ్యుడు చెడ్డవాడు కాడు. బిడ్డకొరకు అడిగెను. కాని అతడు అడుగకుండిన ఆ యువకుడు నేడును అక్కడనే యుండెడివాడు. సభ్యులారా, ఈ ఒక్క సంగతిని మీరు ఇంటికి తీసికొనిపోయిన చాలును. మీ ఊరి పోస్టుమాస్టరు యొద్ద చేబదులు అడుగకుడు. ఇతరులు అడుగుట తెలిసినచో వారింపుడు.

కొలువు ఎంచుకొను పిల్లలకు ఇందు ఒక పాఠము కలదు. లెక్క రాకపోయిన నేర్చుకొనవచ్చును. కాని చుట్టమునకును, పెద్దమనిషికిని "లేదు" అని చెప్పలేని స్వభావము గలవారు నగదు పూచీ గల కొలువును మొదట వ్రాయుటకు ముందు రెండుమారులు ఆలోచింపవలెను. అసిస్టెంటు కూడ సొమ్ము ముట్టును, అతనికిని ఇదే నియమము. అయినను కార్యాలయపు నిలువ అంతయు పోస్టుమాస్టరు పూచీ. ఇరువురును జామీను ఇచ్చియే కొలువులో చేరవలెను.

పై మెట్లు రెండింటికి ఒక్కటే

"అసిస్టెంటుగా చేరిన పైకి పోవుట ఉండదు" అని కొందరు చెప్పుదురు. ఇది పొరపాటు. నిర్ణీత కాలము సేవచేసి, అర్హతలు గల గ్రామీణ డాక్ సేవకులు శాఖా పరీక్షలు వ్రాసి, మల్టీ టాస్కింగ్ స్టాఫ్, పోస్టుమ్యాను, పోస్టల్ అసిస్టెంటు వంటి క్రమబద్ధమైన ఉద్యోగములకు పోవచ్చును. ఈ మార్గము పోస్టుమాస్టరుకును, అసిస్టెంటుకును సమానముగా తెరచియున్నది. కనుక చదువుకొని పైకి పోదలచిన పిల్లలు ఏ కొలువులో పెద్ద పేరున్నదని గాక, ఏ కొలువులో చదువుటకు తీరిక దొరకునని చూచుకొనవలెను. కౌంటరు వేళలు ముగిసినను లెక్కలు, నగదు చింత వెంటాడు కొలువు ఒకటి. సంచి ఖాళీయైన పని చాలవరకు ముగియు కొలువు మరియొకటి. రాత్రి దీపము ముందు పుస్తకము పట్టువానికి ఈ భేదము చిన్నది కాదు.

వరుస వ్రాయు విధము

ఎంపికకు వేరే పరీక్ష లేదు. పదవ తరగతి మార్కులనుబట్టి యంత్రమే మెరిటు జాబితా సిద్ధపరచును. ఇంటరునకుగాని, డిగ్రీకిగాని అదనపు విలువ లేదు. వయస్సు 18 మొదలు 40 వరకు. కొన్ని వర్గములకు సడలింపు కలదు. పదవ తరగతిలో గణితము, ఇంగ్లీషు ప్యాసై యుండవలెను. స్థానిక భాషను, అనగా మనకు తెలుగును, పదవ తరగతి వరకు చదివియుండవలెను. కంప్యూటరు పరిచయము, సైకిలు తొక్కుట రావలెను.

అభ్యర్థి ఒక డివిజనును ఎన్నుకొని, అందలి ఖాళీలను తనకు నచ్చిన వరుసలో వ్రాయవలెను. ఏ ఖాళీ ఏ వర్గమునకు కేటాయింపబడినదో జాబితాలోనే ఉండును, దానిని చూచుకొనవలెను. ఎన్ని వ్రాసినను దక్కునది ఒక్కటే. మొదట వ్రాసినదానికి మార్కులు చాలినచో యంత్రము దానినే ఇచ్చి, తక్కినవాటిని వదలివేయును. "మొదటిది వద్దు, రెండవది ఇండు" అని అడుగుటకు తావులేదు. అందుచేతనే వరుస వ్రాయుటయే నిజమైన ఎంపిక. పోలేని ఊరిని, చేయలేని పనిని జాబితాలో వ్రాయనే వ్రాయరాదు.

వరుస వ్రాయుటకు ముందు ఆ పిల్లలను మీరు ఈ ప్రశ్నలు అడుగుడు.

మొదటిది: ఆ ఊరిలో నివసించుటకు నీవును, నీ ఇంటివారును సిద్ధమా? పోయి ఒకమారు ఆ ఊరిని చూచితివా?

రెండవది: పోస్టుమాస్టరు కొలువైన, ఊరి నడుమ తగిన గది దొరకునా? దాని అద్దె ఎంత? కరెంటు ఉన్నదా? సెల్లు సంకేతము అందునా? సంకేతమందని గదిలో నేటి తపాలా పని సాగదు.

మూడవది: మిగిలిన పొద్దులో ఏ పని చేయుదువు? ఆ రాబడి ఎంత? శాఖ వ్యాపారమునకు నష్టము కలిగించు ఇతర సంస్థల ఏజెంటు పని చేయరాదని ఎరుగుదువా?

నాలుగవది: సహాయకుడు గల కార్యాలయమా, ఒక్కరే చేయవలసినదా? పంపిణీ పరిధిలో ఎన్ని పల్లెలు, ఎంత దూరము?

ఐదవది: నగదు పూచీ మోయగలవా? అడిగినవారికి లేదని చెప్పగలవా?

ఆరవది: పైపరీక్షలకు చదువదలచితివా? ఏ కొలువులో చదువు సాగును?

ఏడవది: చోటు మార్చుకొనుట సులభము కాదనియు, దానికి హద్దులు కలవనియు తెలిసియే వ్రాయుచుంటివా?

ఈ ఏడింటికి బదులు చెప్పిన పిల్లకు మీరు వేరే సలహా చెప్పవలసిన పని ఉండదు. వరుస దానంతటదియే తేలును.

పంచాయతీ చేయదగిన పనులు

మీ చేతిలోనివి కొన్ని కలవు. ప్రకటన వెలువడిన దినమే పంచాయతీ కార్యాలయపు నోటీసు బల్లపై దానిని అంటింపుడు. చాటింపు వేయింపుడు. గడువు కొద్ది దినములే ఉండును. దరఖాస్తు రుసుము 100 రూపాయలుగా ఉండుచు వచ్చినది. స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి, వికలాంగులకు అది లేదు.

మార్కులనుబట్టి యంత్రము ఎంపికచేయు కొలువునకు లంచమిచ్చి ఉపకారము లేదు. "మేము ఇప్పించెదము" అని వచ్చువాడు మోసగాడే. శాఖ ఎవరికిని టెలిఫోనులో సొమ్మడుగదు. ఈ మాటను గ్రామసభలో చెప్పుడు. దళారి చేతిలో పడిన ఇంటి అప్పు తీరుటకు ఏండ్లు పట్టును.

మీ ఊరికి పరగ్రామమునుండి పోస్టుమాస్టరుగా పిల్ల వచ్చినచో, ఆమెకు గది దొరకుటలో తోడ్పడుడు. పంచాయతీ భవనమున ఖాళీ గది ఉన్నచో, తీర్మానము చేసి, శాఖ అధికారులతో ఉత్తర ప్రత్యుత్తరములు జరిపి, న్యాయమైన అద్దెకు ఇచ్చుటను ఆలోచింపుడు. మేము చెప్పిన మొదటి కథలోని ఊరిలో అట్టి గది ఒకటి తాళము వేసి ఉండెను. అందు ఎన్నికల నాటి విరిగిన బల్లలు పడియుండెను. ఆ బల్లలను వెలుపల పెట్టియుండినచో ఒక అద్దె తప్పియుండెడిది. ఆ పిల్ల నిలిచియుండెడిదని మేము చెప్పజాలము. నిలుచుటకు ఒక కారణము పెరిగియుండెడిది.

ఇండ్లకు నంబర్లు, వీధులకు పేర్లు సరిగా వ్రాయింపుడు. కొత్తగా వచ్చిన అసిస్టెంటు ఒకే ఇంటిపేరు గల ఇరువది ఇండ్ల నడుమ బ్యాంకు కార్డు పట్టుకొని తిరుగుట మేము చూచితిమి. ఆ చిన్న పని మీది, దాని ఫలము ఊరందరిది.

కడపటి మాట

సభ్యులారా, సలహా అడిగిన పిల్లలకు "ఇది వ్రాయుము" అని చెప్పుట సులభము. కాని ఆ కొలువు చేయునది మీరు కారు, ఆ పిల్లలు. మొదటి కథలోని పెద్దలు ఆ పిల్ల మేలు కోరియే చెప్పిరి. వారిలో ఒక్కరును గేదెలను ఎవరు చూతురని అడుగలేదు. దూరపు కొండలు నునుపు అని మన పెద్దలు ఊరకనే చెప్పలేదు. పోస్టుమాస్టరు కొలువు గొప్పదే, అసిస్టెంటు కొలువును గొప్పదే. ముసలివాని చేతికి వాని సొమ్ము ఆనాడే అందిన చాలును, అందించినవాని హోదా యేమని ఆ ముసలివాడు అడుగడు.

రాజీనామా ఇచ్చిన ఆ రైతు కుమార్తె సంగతి మీరడుగుదురేమో. మరుసటి ప్రకటనలో ఆమె తిరిగి దరఖాస్తు పెట్టినది. ఈ మారు ఎవరిని సలహా అడుగలేదు. తండ్రిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, రాబడి వ్యయములను ఒక కాగితముపై వ్రాసి, ఇంటికి ఐదు కిలోమీటర్ల దూరములోని అసిస్టెంటు కొలువును మొదట వ్రాసినది. నేడు ఆమె ఆ పరిధిలో మోటారు సైకిలుపై ఉత్తరములు పంచుచున్నది. ఇంట మరల ఒక గేదె ఉన్నది. పైపరీక్షకు చదువుచున్నది.

ఆ కాగితమును మీ ఊరి పిల్లలు మొదటిమారే వ్రాసికొనునట్లు చూడుడు. మేము కోరునది ఇంతే.